చిరగని చాప

ఆ ఉదయం అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. పొయ్యి మీద పాలు పొంగేలోగా కొత్త చాపకి అంచు కట్టేయాలి. తమ్ముడు రాగానే దాన్ని చేతికిచ్చి, వాడు కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని మొహం చూసుకోవాలి. అంతే.

తమ్ముడిది నూనె మిల్లు. అందులోకి కావలసిన గుండ్రటి పీచు చాపలు అల్లేది అక్క. నలగ్గొట్టిన గింజల ముద్దని చాపకీ చాపకీ మధ్య పరిచి, ఆ దొంతర మీద ప్రెస్సు దించితే నూనె పక్కలనుంచి కారుతుంది. ఆ బరువుకి చాపలు నలిగి చిరుగుతాయి. చిరిగితేనే తమ్ముడు వస్తాడు. ఇంకోరకం రాకపోకలు లేవు. ఒకసారి భోజనాల దగ్గర బావ, నీ నూనె కంపు కొడుతోందోయ్ అన్నాడు. ఆ రోజునుంచి తమ్ముడు చుట్టంగా రావడం మానేసి, బేరగాడిగా మాత్రమే వస్తున్నాడు. గుమ్మం బయట బల్ల మీదే కూర్చుంటాడు. బావ లోపల గడియారాలు బాగుచేసుకుంటూ, తానున్నానని తెలిసేలా దగ్గుతాడు.

"మళ్ళీ అంచు పోయిందక్కా," అన్నాడు తమ్ముడు చాప విప్పి చూపిస్తూ. ఆపైన గొంతు పెంచి, రబ్బరు చాపలు అమ్మేవాడొకడు మిల్లు చుట్టూ తిరుగుతున్నాడనీ, అవి జన్మలో చిరగవట అనీ కిటికీకేసి చెప్పాడు. బావని ఉడికించాలని అన్నమాట అది. గుచ్చుకున్నది అక్కకి. రబ్బరు చాపలొస్తే వీడిక ఈ గుమ్మం తొక్కడు. అసలే వాడు వీధి మలుపు తిరిగి కనుమరుగైన ప్రతిసారీ, ఇదే ఆఖరుసారేమోనని బెంగపడే మనిషి ఆవిడ.

చిరిగిన చాపని ఒళ్ళో వేసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ప్రెస్సు నలిపిన పీచు నమిలి ఉమ్మినట్టుంటుంది. ఈ చిరుగు దగ్గర మాత్రం కొసలు అప్పుడే క్షవరం చేయించుకున్నట్టు తిన్నగా ఉన్నాయి. ప్రెస్సు పలకకి ఎక్కడో పదునుదేరి ఉంటుందనుకుంది. తన చాప రబ్బరుకి దీటుగా నిలిస్తే వీడు ఇంకొకడి దగ్గరికి పోడు. సరే, ఆ పలకో తానో తేల్చుకోవాలనుకుంది.

అంచుకి రెండు పేటలు వేసింది. చిరిగింది. పీచులో మేకవెంట్రుకలు కలిపి పేనింది. ఇల్లంతా మేక వాసన, బావకి ఒకటే తుమ్ములు. అదీ చిరిగింది. ఆ చాప తెచ్చిననాడు తమ్ముడి బొటనవేలికి కట్టు ఉంది. తలుపు సందులో పడిందన్నాడు. ఆ తర్వాతి చాప తెచ్చినప్పుడు కాఫీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. భుజం పట్టేసిందట. ఆ వారంలోనే బావ సామాను పెట్టెలోంచి చిన్నరంపం కనబడకుండా పోయింది. ఊడిపడ్డ మరమేకు కోసం పరుపులు విప్పించే మనిషి, రంపం ఊసే ఎత్తలేదు. అక్కకి వింతగా తోచింది గానీ, అడిగే తీరిక లేదు. చేపల వలతాడు తెప్పించి, మేకవెంట్రుకలతో కలిపి, ఊపిరి బిగబట్టి ఇంకో చాప అల్లింది.

ఈసారి తమ్ముడు రాలేదు. చాప నిలిచిందని మొదట మురిసిపోయింది. వారం గడిచింది, రాలేదు. ఇంకో వారమూ గడిచేసరికి ఆ మురిపెం కాస్తా భయమైంది. రబ్బరు చాపలు కొనేశాడన్నమాట. చెప్పులేసుకుని మిల్లుకి బయల్దేరింది.

మిల్లు చప్పుడు లేకుండా ఉంది. పనివాళ్ళంతా బయట గోడనానుకుని కూర్చున్నారు. యజమాని చాపతో లోపల కుస్తీ పడుతున్నారని చెప్పి, మేస్త్రి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అక్క తలుపు తోసింది. చాప ఒక పక్క స్తంభానికి, ఇంకో పక్క ప్రెస్సు చక్రానికి కట్టేసి ఉంది. చక్రం పిడి విరిగి కింద పడి ఉంది. మధ్యలో తమ్ముడు చెమటలు కక్కుతూ, చాప అంచు మీద రంపం ఆడిస్తున్నాడు.

వాడు అక్కని చూసి రంపం వెనక్కి దాచుకున్నాడు.

"నీ చాప బాగానే ఉందక్కా. ప్రెస్సే పోయింది."

"ఇన్నాళ్ళూ నువ్వేనట్రా కోసింది?"

"చిరక్కపోతే ఏం మొహం పెట్టుకుని రాను, చెప్పు."

"రబ్బరు చాపలవాడో?"

"వాడెవడూ లేడు. బావ ఉడుక్కుంటాడని అన్నాను."

అక్క చాప అంచు తడిమింది. వీడు రాకుండాపోతాడేమోనని తాను రాత్రీపగలూ తాడు బిగిస్తుంటే, రావడానికి దారి లేకుండాపోతుందేమోనని వీడు ఇక్కడ పళ్ళు బిగించి కోస్తున్నాడు. వాడి వెనక్కి చెయ్యిపోనిచ్చి రంపం లాక్కుంది. పిడికి నీలంగుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డ తన పాత జాకెట్టుది.

"ఇదెక్కడిదిరా?"

తమ్ముడు నేల చూశాడు. "బావే ఇచ్చాడు. ఆవేళ ఎడమచేత్తో కాఫీ తాగి నేను వెళ్ళిపోతుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు. మాట మాత్రం ఆడలేదు."

అక్క ఇంటికొచ్చేసరికి బావ కంటికి భూతద్దం బిగించుకుని గడియారంలోకి చూస్తున్నాడు. రంపం తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, పీచు ముందేసుకుని కూర్చుంది. ఆయన రంపం పళ్ళు వేలితో తడిమి చూసుకున్నాడు.

"ఈసారి అంచు కాస్త వదులుగా అల్లు," అన్నాడు. "రంపం అరిగిపోతోంది."