కారు ఎక్కడానికా, కడగడానికా?

కారు ఉన్నది ఎక్కి తిరగడానికని ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించిన పుకారు. కారు ఉన్నది కడగడానికి! ఈ మాట తేలిగ్గా అనడం లేదు. మూడేళ్ళపాటు ఒక కారునూ దాని యజమానినీ దగ్గరుండి గమనించి, అనుభవం మీద చెబుతున్నాను.

ఆదివారం పొద్దున్నే పక్కింటి బకెట్టు చప్పుడుకు మెలకువ వచ్చి విసుక్కునేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. కారు కడిగిన నురగ నీళ్ళు తమ గుమ్మం ముందు మడుగు కట్టాయని తగాదాకు దిగినవాళ్ళూ ఉంటారు. తొందరపడకండి. ఆ కడిగే మనిషి లోకానికి చేస్తున్న ఉపకారం మీకు తెలియదు. మా పక్కింటాయన సంగతి వింటే మీరే వెళ్ళి ఆయనకు ఇంకో బకెట్టు నీళ్ళు పట్టి ఇచ్చి వస్తారు.

మా పక్కింటాయన రిటైరైన వారానికే కారు కొన్నాడు. ఎందుకు కొన్నాడో కూడా చెప్పాలి. ఆయన భార్యది ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. పొద్దున ఆరున్నరకు ఇల్లు వదిలి రెండు బస్సులు మారి వెళ్ళాలి. సాయంత్రం మళ్ళీ రెండు బస్సులు మారి రావాలి. నరం దొరక్క మిగతావాళ్ళంతా చేతులెత్తేసిన రోగిని చివరికి ఆవిడ దగ్గరికే పంపేవారు. ఆవిడ బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూసి, "ఇదిగో, ఇక్కడ దాక్కుంది" అనేది. ఆ వేలు పొరపాటు పడిందని ముప్పై ఏళ్ళలో ఎవరూ అనలేదు. కారు తాళాలు చేతికి వచ్చిన రోజున ఆయన ఆవిడతో, "ఇక నీకు బస్సు బాధ తీరిపోయిందనుకో" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అయితే షోరూమ్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఎడమ తలుపు మీద ఇంత బురద మరక పడింది. ఆయన జేబురుమాలు తీసి తుడిచాడు. తుడిచినచోట ఆయన మొహం కనబడింది. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ వెనక కూర్చుని, ఎవరి కంటికీ ఆనని మొహం అది. అంత నిగనిగలాడుతూ కనబడేసరికి ఆయనకు ముచ్చటేసింది. ఇంకో వైపు తలుపు కూడా తుడిచాడు. అంతే, ఆ తుడవడం మొదలుపెట్టినవాడు మూడేళ్ళు ఆపలేదు.

మనం ఇళ్ళల్లో ఒక బకెట్టు, ఒక గుడ్డతో కానిచ్చేస్తాం. అది కడగడమా? ఆయనకు సబ్బునీళ్ళకొక బకెట్టు, మంచినీళ్ళకొక బకెట్టు. పైకప్పుకొక గుడ్డ, తలుపులకొక గుడ్డ, అద్దాలకు వేరే గుడ్డ. పొరపాటున అద్దాల గుడ్డతో తలుపు తుడిస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. ఏసీ రంధ్రాల్లో దుమ్ముకు చెవిపుల్లలు, చక్రాల నట్ల మూలలకు టూత్‌బ్రష్, సీట్ల సందుల్లో నలకలకు వాక్యూమ్ క్లీనర్. ఆయన చెవుల్లో దుమ్మును ఎవరూ పట్టించుకోలేదు గానీ కారు చెవుల్లో మాత్రం నలుసు ఉండేది కాదు.

ఇందువల్ల లోకానికి వచ్చిన లాభం ఏమిటంటారా? వినండి. మూడేళ్ళలో ఆ కారు తిరిగింది రెండు వందల పద్నాలుగు కిలోమీటర్లు. ఒక్క యాక్సిడెంటు లేదు. ఒక్క చలానా లేదు. ఒక్క మనిషికి హారన్ కొట్టలేదు. దాని పొగ పీల్చినవాడు ఈ ఊళ్ళో ఎవడూ లేడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మీరంతా ఒకరినొకరు తిట్టుకుంటున్నారే, ఆ వరసలో ఒక్క బండి తక్కువైందంటే అది ఈ మహానుభావుడి చలవే. పర్యావరణం గురించి సభల్లో మాట్లాడేవాళ్ళు చాలామంది. పోర్టికోలో బండి కట్టేసి చేసి చూపించినవాడు ఆయనొక్కడే.

మరి భార్య బస్సు బాధ? అక్కడికే వస్తున్నాను. ఆవిడ ఏనాడూ గట్టిగా అడిగే మనిషి కాదు. చెప్పులు వేసుకుంటూ, "రేపు కాస్త దింపుతారా?" అనేది. ఆయనా ఏనాడూ లేదనలేదు. కాకపోతే రేపు మబ్బుగా ఉండేది. ఎల్లుండి ఎండ మరీ ఎక్కువై రంగు వెలిసిపోయేలా ఉండేది. ఆ తర్వాతి రోజు వ్యాక్స్ వేశాడు, అది ఆరాలి. వాతావరణం అనుకూలించకపోతే మనిషేం చేస్తాడు చెప్పండి?

ఎప్పుడూ ఎక్కించలేదంటే కళ్ళు పోతాయి. ఒకసారి ఆయన మరదలిని, తోడుగా భార్యను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాల్సి వచ్చింది. ఆ కారులోకి చెప్పులతో ఎక్కకూడదని నియమం. చెప్పులు విప్పి, కాళ్ళు దులిపి, సీటు మీది ప్లాస్టిక్ కవరు నలగకుండా కూర్చుని, కింద పరిచిన పేపరు మీద మాత్రమే పాదాలు ఆనించాలి. అక్కాచెల్లెళ్ళిద్దరూ బుద్ధిగా అలాగే చేశారు. ఆస్పత్రి దగ్గర దిగి చూసుకుంటే ఏముంది, రెండు జతల చెప్పులూ ఇంటి దగ్గర పోర్టికోలో వరసగా ఉన్నాయి.

"బావగారూ, ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఇంత మడిగా వెళ్ళరండీ" అంది మరదలు, వేడెక్కిన సిమెంటు మీద గెంతుతూ.

భార్య చెల్లెలి చెయ్యి పట్టుకుని గబగబా మెట్లెక్కేసింది. తిరుగు ప్రయాణంలో ఆ కాళ్ళతో కారెక్కడానికి వీల్లేదని ఆయనకు అప్పుడే తట్టింది. కానీ చెప్పడానికి ధైర్యం చాలక పేపరు రెండు పొరలు పరిచాడు. ఆ మాత్రం ఔదార్యం ఆయనలో ఉంది.

ఇక టైర్ల సంగతి. అసలు ఆయన ప్రతిభంతా అక్కడే ఉంది. కారు అమ్మినవాడు, "సార్, పదిహేను రోజులకోసారి గాలి చూపించండి" అని చెప్పాడు. పెట్రోలు బంకులో గాలి కొట్టేవాడి చేతులకు మసి ఉంటుంది. బంకుకు వెళ్ళే దారిలో ఒక గుంట ఉంటుంది, ఆ గుంటలో నీళ్ళుంటాయి. టైరు బాగు కోసమని వెళ్ళి టైరును బురదలో దింపుతారా ఎవరైనా? అందుకని ఆయన గాలి జోలికి పోకుండా పాలిష్‌తో సరిపెట్టాడు. అదీ అందరిలా పక్కల మాత్రమే కాదు. రోడ్డుకు ఆనే భాగానికి కూడా! సగం వేసి, కారును మూరెడు ముందుకు నెట్టి, మిగతా సగం వేసేవాడు. డిక్కీలో ఉన్న స్టెప్నీకి కూడా నెలకోసారి పాలిష్ పడేది. ముందు ఎడమ టైరు కొద్దికొద్దిగా కిందికి జారి బొజ్జ పెడుతుంటే, పాపం అలిసిపోయిందనుకున్నాడు.

ఇలా ఉండగా ఆవిడ రిటైరయ్యే రోజు వచ్చింది. ఆ ముందు రాత్రి అన్నాలు తింటున్నప్పుడు ఆవిడ మామూలుకన్నా కాస్త ఎక్కువే మాట్లాడింది.

"రేపు అయిదింటికి అందరూ గేటు దాకా వచ్చి పంపిస్తారటండీ. ఎలా వెళ్తావని అడిగారు. మా ఆయన కారు తెస్తారని చెప్పాను."

"తేకుండా ఎలా ఉంటాను? నాలుగింటికే బయల్దేరతా."

"నిజంగానా?"

"అదేం మాట?"

ఆవిడ పళ్ళెం తీసుకుని లేస్తూ నవ్వుకుంది. మూడేళ్ళలో ఆ కారు మాటకు ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దుటి నుంచి ఆయన కారును పెళ్ళికూతురిలా ముస్తాబు చేశాడు. నాలుగింటికి తాళం తిప్పి కదిపితే, బండి ఎడమ పక్కకు ఒరిగి మొరాయించింది. దిగి చూస్తే ముందు టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. వీధి మొదట్లో ఉన్న పంక్చర్ షాపతనికి ఫోన్ చేశాడు. అతను మోపెడ్ మీద పంపు కట్టుకుని వచ్చి, టైరును అటూ ఇటూ నిమిరి, చేతికంటిన పాలిష్ వాసన చూశాడు.

"ఇదేంటి సార్, రోడ్డును పట్టుకునే చోట జిడ్డు పూశారు?"

"మెరుస్తుందని."

"తడి రోడ్డు మీద బ్రేకేస్తే మెరుస్తూ జారిపోయేవాళ్ళు. ఏదీ, స్టెప్నీ చూపించండి."

స్టెప్నీ తళతళలాడుతోంది. నొక్కితే చెయ్యి లోపలికి పోయింది.

"టైరుకు మొహం కాదు సార్ చూడాల్సింది, కడుపు. నాలుగూ పస్తులున్నాయి. నిలబెట్టే చంపారు వీటిని" అంటూ అతను పంక్చరేమీ లేదని తేల్చాడు. పాలిష్ తుడిచేసి, అన్నిటికీ గాలి కొట్టాడు. నాలుగున్నరకల్లా పని అయిపోయింది. "ఎక్కడికి సార్? ఆస్పత్రికా? నెమ్మదిగా పోయినా అయిదింటికి అక్కడుంటారు. వెళ్ళండి."

ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. గేటు తీసే ఉంది. కారు పోర్టికో దాటగానే బానెట్ మీద ఒక చినుకు పడింది.

పాఠకులారా, మీరైతే ఏం చేసేవారు? వెళ్ళేవాళ్ళం అంటారు. అనడం ఎంతసేపు! పొద్దుటి నుంచి వ్యాక్స్ వేసిన బానెట్ మీద చినుకు పడితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు? పది నిమిషాలు చూద్దామనుకున్నాడు. చినుకు వాన అయింది. కారును మళ్ళీ పోర్టికోలోకి తీశాడు. వాన తగ్గాక వెళ్దామనుకున్నాడు. కొత్త గుడ్డ తీసి, పడిన చినుకులు మరక కట్టకముందే ఒక్కొక్కటీ అద్దాడు. అద్దుతూ గడియారం చూశాడు. అయిదయింది. ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు ఆయన కళ్ళ ముందు మెదిలారు. అయినా అద్దుతూనే ఉన్నాడు. ఫోన్ రెండుసార్లు మోగింది. చేతులు తడిగా ఉన్నాయని తీయలేదు.

ఏడు దాటాక ఆవిడ వచ్చింది. రెండు బస్సులు మారి, నిలువునా తడిసి, ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చంకలో వాళ్ళిచ్చిన గోడగడియారం అట్టపెట్టెతో. పెట్టె తడికి మెత్తబడి అడుగు ఊడిపోయింది. కింద పడకుండా మోచేత్తో పొదివి పట్టుకుంది.

"టైరు..." అన్నాడాయన. "గాలి పోయిందోయ్. బయల్దేరబోతూ చూశాను, నేలకు అంటుకుపోయి ఉంది. లేకపోతే రానా?"

ఆవిడ పూలగుత్తిని గట్టు మీద పెట్టింది. గడియారాన్ని దాని పక్కన పెట్టింది. వంగి, ముందు ఎడమ టైరు మీద బొటనవేలు ఆనించి ఒక్కసారి నొక్కింది. ముప్పై ఏళ్ళలో ఆ వేలికి అబద్ధం చెప్పగలిగిన నరం లేదు.

"నిండుగానే ఉంది" అంది.

అంతే అంది. చెప్పులు విప్పి, రోజూ పెట్టే చోట పెట్టి లోపలికి వెళ్ళింది. అరిచినా బాగుండేది. ఆ రాత్రి ఆవిడ వేడి వేడిగా అన్నం వడ్డించి, పొద్దున ఎన్ని గంటలకు లేపాలని కూడా అడిగింది.

మర్నాడు ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఆయన తెల్లవారకముందే లేచి, సీట్ల ప్లాస్టిక్ కవర్లు చింపేసి, కింద పేపర్లు తీసేసి, కారును గేటు బయట పెట్టాడు. "రా, చెప్పులేసుకునే ఎక్కు. ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి వెళ్దాం" అన్నాడు.

ఆవిడ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని కారును చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"నాకిప్పుడు వెళ్ళాల్సిన చోటేముందండీ" అంది.

ఇంతసేపూ పక్కింటాయన, పక్కింటాయన అని చెప్పుకొచ్చాను. మాది వీధి చివరి ఇల్లు. ఒకవైపు ఖాళీ స్థలం, ఇంకోవైపు నీళ్ళ ట్యాంకు గోడ. మాకు పక్కిల్లంటూ లేదు. రెండు బకెట్లూ నావే, చెవిపుల్లలూ నావే, ఆ రోజు ఫోన్ తీయని తడి చేతులూ నావే.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి గాలి చూపిస్తున్నాను. ఆ గుంటలో నీళ్ళు తలుపుల దాకా చిందుతున్నాయి. చిందనీ అనుకుంటున్నాను. నిన్న మాత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి, "కూరగాయలకు వెళ్ళాలి" అంది. కారుతో అందో, నాతో అందో తెలియదు. మబ్బు పట్టి ఉంది. నేను గబగబా తాళాలు తీసుకుని వచ్చేసరికి ఆవిడ సంచీ పుచ్చుకుని బస్‌స్టాపు వైపు సగం దూరం వెళ్ళిపోయింది.

ఆవిడ వెనకాలే కారు నడుపుకుంటూ వెళ్ళి, అద్దం దింపి, "ఎక్కవోయ్" అన్నాను. ఆవిడ ఆగింది. బురదలో ఉన్న చెప్పుల్ని చూసుకుంది, నన్ను చూసింది. అలవాటు కొద్దీ వంగి, చెప్పులు విప్పబోయింది.