నిద్రగన్నేరు కోరం గెలిచిన వైనం

భానుడింకను ముఖప్రక్షాళనమైనను ముగించుకొనని ఒకానొక మంగళవార ప్రభాతమున, ముసలితాతవలె దగ్గి దగ్గి కదలిన అద్దెబస్సునందు, నలుబదియిద్దరు పదవతరగతి వీరులతో పరివేష్టితుడై, సుద్దముక్కాయుధపాణియగు పౌరశాస్త్రపు మాస్టారు జాతీయ చట్టసభపైకి దండయాత్ర వెడలెను. నవ్వకుడు శ్రోతలారా! ఇరువదేండ్లుగా ఆ మహానుభావుడు చట్టసభను నల్లబల్లపై గీసినవాడేకాని, కన్నులారా గాంచినవాడు కాడు.

ఆయన వెనుకసీటునుండి, భ్రూకుటిభీకరయగు ప్రధానోపాధ్యాయురాలు శాసనమొకటి జారీచేసెను.

“ముందే చెప్తున్నా మాస్టారూ. వీళ్లలో ఒక్కరికైనా ఒక్క ముక్క తలకెక్కిందా, సరే. లేదంటే ఈ ప్రయాణాలకి ఇదే ఆఖరు. మళ్లీ బల్లమీదే గీసుకోండి.”

మాస్టారు ధైర్యము చిక్కబట్టి, చట్టసభ సోపానములపై నిలిచి గర్జించెను.

“వీరులారా! ప్రజల గొంతు చట్టమయ్యే చోటిది! కళ్లు విప్పండి, చెవులు రిక్కించండి! ఏమైనా సందేహాలున్నాయా?”

“సార్, బాత్రూమెక్కడ?”

ద్వారమున భటులు సెల్‌ఫోనులను, పెన్నులను, మేడంగారి గొడుగును సైతము లాగికొని సేనను నిరాయుధను గావించిరి. సందర్శకుల గ్యాలరీయందు మాటాడరాదు, చప్పట్లు చరచరాదు, కమ్మీపై వాలరాదు. నిద్రింపరాదని మాత్రమెవ్వరును చెప్పలేదు. చాలదా! ఆఖరిబెంచీ మహారాజ్ఞి, ‘నిద్రగన్నేరు’ అను బిరుదాంకిత, మూడవ నిముషముననే గుర్రుపెట్టెను.

అంతలో గణగణమని గంట మ్రోగెను. బాలిక ఉలికిపడి లేచెను.

“బడి వదిలేశారా సార్?”

“ష్! కోరం గంటమ్మా. సభలో కనీసం పదో వంతు మంది ఉండాలి. లేకపోతే గంట కొట్టి పిలుస్తారు. అదిగో చూడు!”

క్రింద గౌరవసభ్యులు మూతులు తుడుచుకొనుచు క్యాంటీనునుండి పరుగుపరుగున వచ్చుచుండిరి.

“అందరూ రావక్కర్లేదా సార్?”

“అక్కర్లేదు. పదో వంతు చాలు.”

“అంతేనా!” అని ఆ బాలిక నోరు వెళ్లబెట్టెను. ఆపై మరల నిద్రపోలేదు.

వెలుపల మేడంగారి విచారణ మొదలయ్యెను.

“ఏం చూశార్రా?”

“కుర్చీలు మేడమ్.”

“ఆకుపచ్చవి మేడమ్.”

“ఏసీ భలే ఉంది మేడమ్!”

హా విధీ! మాస్టారి ముఖము వాడిపోయెను. మేడంగారు పెదవి విరిచి, గొడుగు తెచ్చుకొనుటకై మరల ద్వారమువైపు నడచెను.

బస్సునందు మాస్టారు తలలు లెక్కించెను. అన్నియు ఉన్నవి, మేడంగారిది తప్ప. డ్రైవరు హారను మ్రోగించుచు విసుగుకొనెను.

“ఇక్కడ ఎక్కువసేపు ఆపనివ్వరు సార్. అందరూ వచ్చేశారా?”

“ఒక్కరు రావాలయ్యా.”

అప్పుడు, ఆహా, అప్పుడు నిద్రగన్నేరు లేచి నిలిచెను!

“పదో వంతు కన్నా బోలెడుమందిమి ఉన్నాం కదా సార్. కోరం ఉంది. పోనివ్వండి!”

బస్సు మెట్టుపై ఒక గొడుగు ఆగెను. దాని వెనుక మేడంగారు.

“ఎవరు నేర్పారే నీకిది?”

“సారే మేడమ్. ఇందాక గంట కొట్టినప్పుడు.”

మేడంగారు ఆమెను ఎగాదిగా చూచి, మెల్లగా వచ్చి కూర్చుండెను.

“సరే మాస్టారూ, వచ్చే ఏడు కూడా తీసుకురండి. కానీ నేనెక్కాకే బస్సు కదలాలి.”

మాస్టారి కన్నులు చెమర్చెను. నలుబదిరెండు శిరస్సులలో ఒక్క శిరస్సు, అందులో ఒక్క ముక్క! లెక్కకు పదో వంతైనను కాదు. అయినను, కోరము లేకయే, ఆ విజయము ఏకగ్రీవముగా ఆమోదింపబడెను.