ఒకే కూర, రెండు గిన్నెలు

ఆ రోజు కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఒక సాఫ్ట్‌వేర్ వెతికి పెట్టుకోవడం, మధ్యాహ్నం దాన్ని సమీక్షలో చూపించడం, ఇద్దరు పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించుకోవడం. సంతకాలు పడకపోతే, పెళ్లయిన ఇన్నేళ్లకు దొరికిన పరిశోధన సీటు రద్దవుతుంది.

చిక్కల్లా ఆ పెద్దమనుషులతోనే. మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే తీరును కంప్యూటర్లో నడిపి చూపించడం ఆమె పని. దానికి ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలన్నాడు గైడు. అదెందుకూ కొరగాదు, తాను చెప్పింది వాడమన్నాడు శాఖాధిపతి. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఆమె ఇద్దరికీ "అలాగే సర్" అని తలూపి వచ్చింది.

గైడు చెప్పినది ఎంత బతిమాలినా కంప్యూటర్లోకి ఎక్కలేదు. శాఖాధిపతి చెప్పినది ఎక్కింది గానీ కదల్లేదు. వెతగ్గా వెతగ్గా, ఎవరో ఊరూపేరూ లేనివాళ్లు ఉచితంగా పెట్టిన మూడోది దొరికింది. అది నొక్కీ నొక్కగానే పరుగందుకుని, కణాల కబుర్లను తెర మీద గీతగా గీసింది.

"మూడోది చూపిస్తే ఇద్దరికీ కోపమొస్తుంది అత్తయ్యా," అంది, వంటింటి గడప మీద కూలబడి.

అత్తగారు గరిటె తిప్పడం ఆపలేదు. "మీ మామయ్యకి నచ్చింది వాళ్లన్నయ్య ముట్టేవాడు కాదు. ఒకే కూర వండి రెండు గిన్నెల్లో పెట్టేదాన్ని. ఎవరి గిన్నె వాళ్లు ఊడ్చేసేవాళ్లు."

కోడలు లేచి వెళ్లి ఆ మూడోదాన్నే రెండుసార్లు తెరిచింది. ఒకదాంట్లో గీతకు నీలం రంగు, రెండోదాంట్లో ఆకుపచ్చ. మధ్యాహ్నం, ఆయన చెప్పిన సాఫ్ట్‌వేర్ గీసింది నీలమని గైడు చెవిలోనూ, ఆకుపచ్చని శాఖాధిపతి చెవిలోనూ వేసింది.

గైడు నీలం గీతను చూసి మురిసిపోయి, ఆకుపచ్చది కుంటుతోందన్నాడు. నీలందానికి అసలు ప్రాణమే లేదన్నాడు శాఖాధిపతి. మాటా మాటా పెరిగింది. పక్క గదుల్లోని లెక్చరర్లు టీ కప్పులతో సహా వచ్చి చేరి, సగం మంది నీలం వైపు, సగం మంది ఆకుపచ్చ వైపు నిలబడ్డారు. సంతకాల కాగితం ఎవరి మోచేతి కిందో నలుగుతోంది.

"ఇప్పుడే తేలిపోవాలి. ఒకదాని మీద ఒకటి పెట్టమ్మా," అన్నాడు గైడు.

తప్పక ఆమె పెట్టింది. రెండు గీతలూ అతుక్కుపోయి ఒక్కటే మిగిలింది.

శాఖాధిపతి కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "నాదేదీ?"

ఇక దాచి లాభం లేదు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. చూడవచ్చినవాళ్లు కప్పులు మూతికి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దమనుషులిద్దరే మిగిలారు. కోప్పడాలంటే, ఒకే గీతను ఇందాక ఇద్దరూ ఏమేమి అన్నారో మళ్లీ తవ్వుకోవాలి.

"పని బాగానే ఉంది," అన్నాడు గైడు, గోడ వంక చూస్తూ.

"బాగానే ఉంది," అన్నాడు శాఖాధిపతి. ఆయన గైడు మాటకు వంత పాడటం ఆ శాఖ పుట్టాక అదే మొదలు. నలిగిన కాగితం మీద సంతకాలు పక్కపక్కనే పడ్డాయి.

వారం తిరక్కముందే శాఖలో అందరూ ఆ మూడోదే వాడాలని తీర్మానమైంది. దాని సంగతి ముందు చెప్పింది తానేనని గైడూ, కాదు తానేనని శాఖాధిపతీ పట్టుబట్టి, విడివిడిగా కోడల్ని పిలిచి సాక్ష్యం అడిగారు.

"అవును సర్," అంది ఆమె, ఇద్దరితోనూ.