ఎత్తబడని శాంత

పొద్దున్నే లేచి, ఎవరి కంటా పడకుండా రెండు బిందెల నీళ్లు తోడుకొని, మళ్లీ తలుపేసుకోవాలన్నది శాంత పథకం. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, కరెంటు లేదు, బడుల్లేవు. శాంతకు వాటితో పేచీ లేదు గానీ లాఠీ అంటే ప్రాణభయం. ఇంటికొకరు రోడ్డెక్కాలంటున్నారు. మొగుడు మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి ఆ ఒకరు తానే. అందుకే నిన్న సాయంత్రం డప్పు చాటింపు మొదలవగానే రెండు చెవుల్లో దూది కుక్కుకుంది. చాటింపే విననిదాన్ని ఎవరు మాత్రం తప్పు పడతారు?

తెల్లారి దూది తీసి బయటికొస్తే వాడంతా నిశ్శబ్దం. పక్కింటి సత్తవ్వ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యి చల్లగా ఉంది. మనుషులే కాదు, గిన్నెలు కూడా లేవు. ఆ పక్కింట్లోనూ అంతే.

శాంతకు చర్చిలో విన్నది గుర్తొచ్చింది. ప్రభువు వచ్చిన రోజు నీతిమంతులు ఆకాశంలోకి ఎత్తబడతారనీ, మిగిలినవాళ్లకు శ్రమలేననీ పాస్టరయ్య మొన్న ఆదివారమే చెప్పాడు. ఆయన ఇంటికి పరిగెత్తింది. లేడు. సరే, ఆయన పోవడం న్యాయమే. కానీ ఎదురింటి నర్సన్న మంచం కూడా ఖాళీ!

"పొద్దుగాల్నే కల్లు తాగెటోన్ని తీస్కపోయి, నన్ను ఇడిసిపెట్టినవా అయ్యా?" అని ఆకాశాన్ని నిలదీసింది.

జవాబు ఆమెకే తట్టింది. పోయిన క్రిస్మస్‌కు సత్తవ్వ కోడిపుంజు శాంత పెరట్లో దూరింది. దాన్ని కూరొండుకు తిని, కుక్క ఎత్తుకుపోయిందని చెప్పి, సత్తవ్వతో కలిసి ఆ కుక్కను తిట్టింది కూడా.

ప్రభువు ఇంకా ఎంతో దూరం పోయి ఉండడన్న ఆశతో చర్చికి ఉరికింది. కరెంటు కోతల పుణ్యమా అని మైకుకు బ్యాటరీ ఉంది. పైకి వినబడాలంటే అదే దిక్కు.

"అయ్యా! ఊరు ఊరంత పోయింది! ఒక్క పానం లేదు, నేనొక్కదాన్నే మిగిలిన! సత్తవ్వ కోడిని కుక్క తినలే, నేనే తిన్న! మళ్లొక్కసారి అచ్చి నన్ను గూడ తోలుకపో!"

చర్చి మీది హార్న్ మెయిన్ రోడ్డు వైపు తిరిగి ఉంది. గిన్నెలతో సహా ఊరంతా సమ్మెలో భాగంగా ఆ రోడ్డు మీదే వంటావార్పు చేస్తోంది. నిన్నటి చాటింపు అందుకే. పొయ్యిలు ఆర్పించడానికి లాఠీలతో అప్పుడే దిగిన పోలీసులు ఆ ఏడుపు విని, ఊళ్లో ఏ ఘోరం జరిగిందోనని మళ్లీ జీపులెక్కి ఇటు ఉరికారు.

బూట్ల చప్పుడు వినగానే, శ్రమలు మొదలయ్యాయనుకొని శాంత బల్ల కింద దూరింది. పోలీసులు వాడవాడా వెతికితే కోళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఎస్సై విసుక్కుంటూ రోడ్డు మీదికి తిరిగి వెళ్లేసరికి జనం వండుకొని, తిని, గిన్నెలు కూడా తోమేశారు.

శాంతను బల్ల కింది నుంచి లాగింది సత్తవ్వే.

"చిన్నమ్మా! నువ్వు గూడ పోలేదా!" శాంత ఆమెను కావిలించుకొని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు.

"నేనున్న గని, నా పుంజేది?"

"ఒకటి గాదు, రెండిస్త!"

అంతలో నర్సన్న బంతిపూల దండతో వచ్చి శాంత మెడలో వేశాడు.

"ఏం ఉపాయం చేసినవ్ చెల్లె! ఒక్క మాటతోని పోలీసోళ్లను రోడ్డు మీదికెల్లి లేపినవ్! రేపు జగిత్యాలల ఆర్డీవో ఆఫీసు ముట్టడి. అందరికంటె ముందట నువ్వే నడువాలె!"

ఊరంతా జై కొట్టింది. శాంత దండ సర్దుకొని ఆకాశం వైపు చూసింది. వచ్చేదుంటే ప్రభువు రేపు తెల్లారకముందే వస్తే బాగుండుననుకుంది.