లీడ్సిక్తిస్ మా బడికి చేసిన మేలు

బతికున్న చేపలతో బడికి ఏ ఉపయోగమూ లేదు. చేపంటే పదహారు కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో తిరిగి, ఒక్కటి కూడా మిగలకుండా పోయినదై ఉండాలి. దానికైతే నీళ్లు పోయనక్కర్లేదు!

పెద్దకడుబూరు దగ్గర ఒక చిన్న ఊళ్లో నేను హెడ్మాస్టర్ని. మా బడిలో ఆడపిల్లల బాత్రూముకు జూన్ నుంచి నీళ్లు లేవు. ఏడు అర్జీలు పెట్టాను. జవాబుగా పైనుంచి ఒక సైన్సు పథకం దిగింది. గోడ మీద అంతరించిన జీవి బొమ్మ వేయించాలట. ఇంతకన్నా ముందుచూపు ఎక్కడైనా ఉందా?

ఎమ్మిగనూరు నుంచి పెయింటర్ మాదన్న వచ్చి, బాత్రూము గోడ మొదలుకొని గేటు దాకా, ఎప్పుడో అంతరించిన యాభై అడుగుల చేప లీడ్సిక్తిస్‌ని వేశాడు. చుట్టూ సముద్రం. పాపం, ఆ నీలం రంగు కలపడానికి కూడా నీళ్లు ఇంటినుంచే తెచ్చుకున్నాడు.

ప్రారంభోత్సవానికి పెద్ద ఆఫీసరు వచ్చారు. తొమ్మిదో తరగతి శ్వేత తడబడకుండా చెప్పింది. "ఇది నోరు తెరిచి నీళ్లు మింగుతాది సార్. వాటిని వడగట్టి సన్న సన్న జీవుల్ని తింటాది."

ఆయన మెచ్చుకుని, మెల్లగా బాత్రూము ఎక్కడని అడిగారు.

"ఆ చేప తోక కాడ సార్. కానీ నీళ్లు లేవు. మేము మధ్యాహ్నమే ఇండ్లకు పోతాండాం."

ఆయన సభ మధ్యలోనే కారెక్కి ఆదోని వైపు పరుగెత్తించారు. కారున్నవాళ్లకు ఆదోని ఒక దూరమా?

ఇక చూడండి, చేప మహిమ. మూడు వారాల్లో బోరు పడింది. టైల్స్ పరిచిన కొత్త బాత్రూము లేచింది. కుళాయి తిప్పితే ధార. తలుపు మీద 'అధికారులకు మాత్రమే' అని బోర్డు, దాని కింద తాళం.

ఆ నెలలోనే శ్వేత తల్లి ఉచ్చీరమ్మ వచ్చింది. "మధ్యాహ్నం ఇంటికొచ్చిన పిల్ల మళ్లా అంత దూరం యాడ నడుస్తాది సార్? సగం సదువు ఎందుకు? రేపట్నుంచి పత్తి తీసేకి పిల్సకపోతా."

శ్వేత నేల చూస్తూ నిలబడింది.

"ఒక్క వారం ఆగమ్మా," అని మాత్రం అన్నాను.

మర్నాడు పైకి ఉత్తరం రాశాను: అధికారుల బాత్రూము తాళంచెవి పోయినది, వెతికించుచున్నాము.

ఇప్పుడు ఆడపిల్లలు సాయంత్రం బెల్లు దాకా బడిలోనే ఉంటున్నారు. వెతుకులాట మాత్రం జోరుగా సాగుతోంది. శ్వేత జామెట్రీ బాక్సు తప్ప అన్నిచోట్లా వెతికించాను.