పద్మనాభయ్య ఇసుక బ్రేకు

పద్మనాభయ్యకి కారు నడపడం వచ్చు. ఆపడం మాత్రం రాదు. ఆ మాట ఆయన మొహం మీద అనే ధైర్యం వాకాడు చుట్టుపక్కల ఒక్క మనిషికే ఉంది. ఆ మనిషిని ఆయనే తాళి కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

పంచాయతీ సమితి వాళ్ల జీపు తప్ప ఇంకో మోటారు ఎరగని ఊళ్లోకి మద్రాసు నుంచి పాత కారు కొనుక్కొచ్చాడు. నేర్చుకున్న మొదటిరోజే బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. కారు కప్పలాగా ఎగిరి, దగ్గి, చచ్చూరుకుంది. ఆయన నుదుటికి కోడిగుడ్డంత బొప్పి కట్టింది. అప్పట్నుంచీ బ్రేకు పేరెత్తితే ఆయనకి చెమటలు. సముద్రం పక్క ఊరు కాబట్టి ఇసుకకి కరువు లేదు. ఆగాలంటే కారుని దిబ్బలోకి తోలేవాడు. అది మూలుగుతూ దానంతటదే ఆగేది. తర్వాత ఎడ్లని కట్టి బయటికి లాగించేవాడు.

ఇంతలో నెల్లూరులో పద్యనాటకాలు పడ్డాయి. స్నేహితులంతా పోతున్నారు. భార్య ఆదిశేషమ్మ వెంట వస్తే రెండో పద్యానికే ఆవులించి ఇంటికి పోదామంటుంది. ఎట్లాగైనా ఒంటరిగా పోవాలని పద్మనాభయ్య ప్రాణం కొట్టుకుపోయింది.

"నిన్ను మనుబోలులో మీ అన్న ఇంట్లో దించి, నేను అట్నే నెల్లూరు పోయొస్తా," అన్నాడు.

"దించాలంటే ఆపాలి గదా," అంది ఆదిశేషమ్మ.

"నాకు ఆపడం రాదంటావా?"

"మా అన్న వాకిట్లో ఎగరకుండా, దగ్గకుండా ఆపండి. ఆపితే మీరొక్కరే పోయి తెల్లార్లూ పద్యాలు వినండి. లేదంటే నేను లేకుండా ఈ కారు గడప దాటేది లేదు."

మీసం మీద చెయ్యేసి సరేనన్నాడు. అన్నాక గుర్తొచ్చింది, మనుబోలులో అంతా గట్టినేల. పాలేరు చిన్నపోలయ్యని ముందురోజే రహస్యంగా పెద్దరోడ్డు దాకా నడిపించి బస్సెక్కించాడు.

"మా బావమరిది వాకిట్లో రెండు బండ్ల ఇసుక పోయించి రా. ఎందుకని అడిగితే అయ్య రేపు కారులో వస్తున్నాడు, పొయ్యమన్నాడని చెప్పు, అంతే."

పోలయ్య పోయించాడు. వచ్చేశాడు. వాకిట్లో ఇసుక పోయిస్తే దేనికో ఇంగితమున్నవాళ్లకి ఒకరు చెప్పాలా? శుభకార్యానికి. బావ మొట్టమొదటిసారి కారులో వస్తూ ముందుగా ఇసుక కూడా పంపాడని చెంచురామయ్య పొంగిపోయాడు. ఇంటిల్లిపాదీ నడుం కట్టి ఆ కుప్పని వాకిలంతా పలచగా పరిచి, నీళ్లు చల్లి, అణగ్గొట్టి, పైన ముగ్గులు పెట్టారు.

మర్నాడు సందు తిరిగిన పద్మనాభయ్యకి ముగ్గులు కనిపించాయి. కుప్ప కనిపించలేదు. వాకిట్లో చెంచురామయ్య భార్య వెంకటశేషమ్మ హారతిపళ్లెంతో నిలబడి ఉంది. ఆమె పళ్లెం ఎత్తేలోపలే కారు ముగ్గు తొక్కి ముందుకి పోయింది. గాలికి కర్పూరం ఆరిపోయింది.

"అదే మా ఇల్లు," అంది ఆదిశేషమ్మ వెనకసీట్లోంచి.

"తెలుసులే. ఊరు చూపిస్తున్నా నీకు."

"నేను పుట్టింది ఈ ఊళ్లోనే గదండీ."

రెండో చుట్టుకి వెంకటశేషమ్మ మళ్లీ కర్పూరం వెలిగించింది. అదీ ఆరిపోయింది. మూడో చుట్టుకి చెంచురామయ్య పంచె ఎగ్గట్టి కారు పక్కన పరిగెత్తాడు.

"బావా, మావల్ల ఏం తప్పు జరిగింది బావా? దిగు బావా!"

"దిగతా, దిగతా. ఇంజను వేడెక్కింది, చల్లారనీ," అన్నాడు పద్మనాభయ్య. ఏడుపు ఒక్కటే తక్కువ. బ్రేకు తొక్కితే కారు దగ్గుతుంది. దగ్గితే నాటకం లేదు. తొక్కకపోతే పెట్రోలు అయ్యేదాకా మనుబోలే.

నాలుగో చుట్టులో వెనకనుంచి మెల్లగా మాట వినపడింది.

"ఏక్సిలేటరు మీద కాలు తీయండి. ఇప్పుడు బ్రేకు మెల్లిగా, పిల్లి మీద కాలేసినట్టు. నెమ్మదించిందా? ఆగబోయే ముందు క్లచ్చి పూర్తిగా తొక్కండి. ఆగిందిగదా, న్యూట్రల్లో పెట్టండి. చేతిబ్రేకు లాగండి."

కారు వెంకటశేషమ్మ కాళ్ల ముందు, కర్పూరం మంట కదలకుండా ఆగింది. పద్మనాభయ్య గట్టిగా మూసుకున్న కళ్లు తెరిచాడు.

"నీకెట్ట తెలుసే ఇదంతా?"

"డ్రైవరు మాలకొండయ్య మీకు నేర్పేటప్పుడు వెనక కూర్చున్నది నేనే. ఆయన చెబుతా ఉంటే మీరు అద్దంలో మీసం చూసుకుంటిరి." ఆమె చీరకుచ్చెళ్లు సర్దుకుని దిగింది. "పందెం మీదే. ఒక్కరే పొండి నాటకానికి. నేను శనివారం దాకా ఇక్కడే ఉంటా."

ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కాఫీ తాగి, బావమరిది పొగడ్తలు విని, సాయంత్రానికి స్టీరింగు ముందు కూర్చుని ఇంజను వేశాడు. వేశాక నెల్లూరు ట్రంకురోడ్డు కళ్లముందు ఆడింది. జట్కాలు, బస్సులు, జనం. ఇంజను కట్టేసి, పిల్లిలాగా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు.

"ఏమే, ముందు తొక్కేది క్లచ్చా, బ్రేకా?"

ఆదిశేషమ్మ చేపలపులుసు కలియబెడుతూ తల ఎత్తలేదు. "శనివారం దోవలో చెబుతా లెండి."

వసారాలోంచి చెంచురామయ్య కేకేశాడు. "నాటకానికి పోలేదే బావా?"

"మీ చెల్లెల్ని ఒక్కదాన్నే వదిలి యాడికి పోతాలే," అన్నాడు పద్మనాభయ్య.

ఆ మాటకి చెంచురామయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంత ప్రేమ ఉన్న మనిషిని శనివారానికే పంపడం ధర్మం కాదని, ఇంకో వారం ఉండి తీరాలని చెల్లెలి చేత ఒట్టు వేయించుకున్నాడు.