వెల్‌బెక్ గారి కోడిపెట్ట

ఆ శనివారం ఉదయం విల్ఫ్రెడ్ టాప్లీ చేయాల్సిన పనులు మూడే. గ్రామ సభామందిరం తాళం తీయాలి, అక్కడి గోడమీది పాత బొమ్మను పరీక్షించడానికి లండన్ నుంచి వచ్చే డాక్టర్ పెల్లూ గారికి టీ ఇవ్వాలి, ఆ బొమ్మలోని కోడి ఆవిడ కంటపడకూడదని దేవుడికి మొక్కుకోవాలి.

విక్టోరియా రాణి కాలంనాటి ఆ బొమ్మలో ఇద్దరు పల్లెటూరి పిల్లలు గడపమీద కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటారు. సంతకం లేదు. గీసింది మహా చిత్రకారుడు వెల్‌బెక్ అని ఊరివాళ్ళంటారు, ఆయన శిష్యుడెవరో అని పండితులంటారు. పన్నెండేళ్ళ కిందట ఆ మందిరంలోనే డార్ట్స్ ఆటలో విల్ఫ్రెడ్ పలకకేసి విసిరిన ముల్లు గురితప్పి ఆ గడప పక్కన దిగబడింది. ఎవరూ చూడలేదు. అతను చిల్లుకి వెనకనుంచి గుడ్డముక్క అంటించి, పైన తమ పెరట్లోని కుంటి పెట్టను గీసి చేతులు దులుపుకున్నాడు. గోడమీది బొమ్మను రోజూ ఎవరు చూస్తారు? కొత్త కోడి సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియలేదు. తెలిస్తే మాత్రం ముప్ఫై ఏళ్ళుగా మొలకు వేలాడుతున్న తాళంచెవి ఊడిపోతుంది. ఆ తాళంచెవి లేని బతుకును అతను ఊహించుకోలేడు.

డాక్టర్ పెల్లూ భూతద్దం తీసింది. పిల్లలను చూసి పెదవి విరిచింది. కోడి దగ్గర ఆగిపోయింది.

"ఈ కోడిని గీసిందెవరు?"

విల్ఫ్రెడ్ గబుక్కున టీ కప్పు అందించాడు. "నాకేం తెలుసండీ? నేను తాళాలు తీసేవాణ్ణి."

"వెల్‌బెక్ కాక ఇంకెవరు! ఆ కుంటికాలు చూడండి, ఆ కళ్ళలో దిగులు చూడండి. పిల్లల్ని శిష్యులెవరైనా గీస్తారు. ఇలాంటి కోడిని గురువే గీయాలి!"

మధ్యాహ్నానికల్లా ఈ మాట ఊరంతా పాకిపోయింది. బేకరీవాడు కోడి బిస్కెట్లు మొదలెట్టాడు. పాదిరిగారు ఆదివారం ప్రసంగానికి కోడినే ఎంచుకున్నారు. తేలు కుట్టిన దొంగలా ఇల్లు చేరిన విల్ఫ్రెడ్‌కి కాసేపటికి భయం పోయి కడుపుమంట పట్టుకుంది.

"ఎప్పుడో చచ్చినవాడికి నా కోడిని ధారపోయాలా?"

"నోర్మూసుకుని కూర్చోవయ్యా," అంది భార్య ఎనిడ్. "చేసిన వెధవపని మరుగున పడిపోయింది. ఇంకేం కావాలి నీకు?"

అతను వింటేగా! సాయంత్రం సభామందిరంలో జరిగిన టీ విందులో అందరిముందూ నిలబడి, చిల్లుతో సహా అంతా చెప్పేశాడు. హాలు నవ్వులతో దద్దరిల్లింది.

"ఊరుకో విల్ఫ్," అంది మందిరం కమిటీ అధ్యక్షురాలు హార్ట్‌నల్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "పోయినేడు గేటుకి రంగు వేయమంటే మా పిల్లికి కూడా వేశావు. నువ్వు వెల్‌బెక్‌వా?"

"కుంచె ఇవ్వండి, చూపిస్తా!"

ఇచ్చారు. ఎనభై మంది చూస్తుంటే అతను కాగితంమీద గీసిన కోడికి ముక్కెక్కడో కాళ్ళెక్కడో తెలియలేదు. డాక్టర్ పెల్లూ ఆ కోడిని జాలిగా చూసింది.

"పాపం, ఈయన జన్మలో కోడిని చూసినట్టు లేదు."

హార్ట్‌నల్ గారు నవ్వు ఆపి ముఖం గంభీరంగా పెట్టింది. "బొమ్మకి పేరొచ్చాక ఇలాంటి చిత్రకారులు ఇంకెంతమంది బయల్దేరతారో! దానికి గాజుపెట్టె చేయించి తాళం వేయాల్సిందే."

ఊళ్ళో అంత నమ్మకమైన మనిషి మరొకడు లేడు గనక, ఆ తాళంచెవి కూడా విల్ఫ్రెడ్‌కే ఇచ్చారు.